రబ్బీ యెదిద్యా కడిగిన పుట

సోమవారం, గురువారం తీర్పులు. ఆదివారం మధ్యాహ్నం చరిత్ర. ఫెజ్ నగరంలో మల్లా అని పిలిచే మా యూదుల పేటకు మతగురువుగా, న్యాయమూర్తిగా ఉన్నంత కాలం రబ్బీ యెదిద్యా అసూలిన్ వారం ఇలాగే నడిచింది. మిగిలిన రోజుల్లో ఆయన ఏం చేస్తారని ఎవరైనా అడిగితే ఆయన భార్య సిమ్హా, "వెతుక్కుంటారు" అనేది. కలం చెవి మీద పెట్టుకుని కలం కోసం, చెప్పులు తొడుక్కుని చెప్పుల కోసం. తీర్పు పీట మీద కూర్చుంటే మాత్రం ఆ మనిషే వేరు. సాక్షులిద్దరినీ విడివిడిగా కూర్చోబెట్టి, ఆ రోజు గాలి ఎటు వీచింది, గాడిద ఏ రంగు అని నెమ్మదిగా అడిగి అడిగి, అబద్ధాన్ని ఎక్కడ కుట్టారో ఆ కుట్టు పట్టుకుని లాగేసేవారు.

ఆ అలవాటే ఆయన చరిత్రలోకీ వచ్చింది. మల్లాలో జరిగిన మంచీ చెడూ ఆయన ఒక లావుపాటి తోలు అట్ట పుస్తకంలో రాసేవారు. వరదలు, కూలిన గోడలు, ఏ సుల్తాను కొడుకు ఏ తమ్ముణ్ణి తరిమాడు, ఏ పెళ్లిలో ఎవరు అలిగారు. ఒక్కరు చెబితే రాసేవారు కాదు. ఇద్దరు చెప్పాలి, విడివిడిగా, కళ్లారా చూసినవాళ్లో స్వయంగా అనుభవించినవాళ్లో అయి ఉండాలి. ఆయనకు ముందు మల్లాలో చరిత్ర రాసినవాళ్లు లేకపోలేదు. వాళ్లు విన్నదల్లా రాసేశారు. అందుకే ఒకాయన పుస్తకంలో నది మూడు రోజులు వెనక్కి పారింది, ఇంకొకాయన పుస్తకంలో ఒక బట్టలు ఉతికే ఆవిడ నూట ఎనభై ఏళ్లు బతికి, చివరి రోజు కూడా ఉతికింది. యెదిద్యా పుస్తకంలో అలాంటివి ఉండవు. దాని గురించి ఆయనకు కొంచెం గర్వం కూడా ఉండేది.

రాసింది ఆరగానే, చెప్పినవాళ్లు దాన్ని మరిచిపోయేవారు. సిరా మీద సన్నటి ఇసుక చల్లి ఆయన ఊదేవారు. ఎదురుగా కూర్చున్న మనిషి, "ఏం చెబుతున్నాను నేను?" అని కాసేపు గోడ వైపు చూసి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయేవాడు. రాసిన ఆయనకూ అంతే, ఏం రాశారో గుర్తుండేది కాదు. వెనక్కి తిప్పి చదివే అలవాటు ఆయనకు లేదు. మంగలి దగ్గర చెడు రక్తం తీయించుకున్నట్టే రబ్బీ దగ్గర రాయించుకోవడం, అంతే. బేరం మాత్రం రోజూ ఉండేది.

"రబ్బీ, నిన్న మా అత్తగారు నన్నన్న మాట రాసుకోండి."

"అది చరిత్ర కాదమ్మా."

"ఆవిడ మీ అత్తగారు కాదు కాబట్టి అలా అంటున్నారు."

పదహారేళ్ల కిందట మల్లాలో కరువు వచ్చింది. మూడేళ్లు వానల్లేవు. వానలు మళ్లీ పడ్డాక జనం ఆదివారాలు రబ్బీ ఇంటి ముందు బారులు తీరారు. ఆరు ఆదివారాలు ఆయన చెయ్యి నొప్పి పుట్టేదాకా రాశారు. ఏడో ఆదివారం ఎవరూ రాలేదు. అప్పటి నుంచి మల్లాలో కరువు సంగతి అందరికీ తెలుసు, ఎవరికీ గుర్తు లేదు. శ్మశానంలో ఆ కరువు నాటి సమాధులు వరసగా రెండు వందల పైచిలుకు ఉన్నాయి. ఎవరివో పాపం అనుకుని, ఏటా అందరూ కలిసి వాటికి సున్నం వేసేవారు.

ఆ ఆరు ఆదివారాల్లోనూ రబ్బీ ఇంటికి వెళ్లనిది మల్లాలో ఒక్క ఫ్రేహా. ఆమె గుండీలు కుట్టేది. పట్టుదారంతో బఠాణీ గింజంత గుండీ కుట్టి, నలభై గుండీలు ఒక తాడుకి గుచ్చి అమ్మేది. మొగుడు మిమూన్ ఎప్పుడో సముద్రం దాటిపోయాడు. ఉన్నాడో లేడో ఎవరికీ తెలియదు. అందరికీ ఆమె మిమూన్ భార్యే.

గుడారాల పండగ వెళ్లిన తర్వాత సోమవారం ఆమె న్యాయస్థానానికి వచ్చింది. వెనకాలే మక్లూఫ్ వచ్చాడు. ఉన్ని ఏకడానికి ముళ్ల పలకలు చేసేవాడు మక్లూఫ్, నలభై అయిదేళ్లవాడు. ఆ వయసుకి పెళ్లి కాని మగవాడు మల్లాలో ఇంకొకడు లేడు. అందుకు అతన్ని ఏడిపించనివాళ్లూ లేరు. ఇప్పుడు ఫ్రేహాని చేసుకుంటానంటున్నాడు.

పీట మీద ముగ్గురు న్యాయమూర్తులు. మధ్యలో యెదిద్యా. కుడి వైపు రబ్బీ విదాల్, గీత దాటని మనిషి. ఎడమ వైపు కూర్చున్న పెద్దాయనకు వినపడదు, అందుకని ఆయన ఎప్పుడూ విదాల్ ఏమంటే అదే అనేవాడు.

"నేను మిమూన్ భార్యను కాను" అంది ఫ్రేహా. "కరువు మూడో ఏడు, చలికాలంలో, పాత రబ్బీగారు బతికుండగా, ఈ ముంగిట్లోనే విడాకుల పత్రం నా చేతిలో పెట్టాడు. ఆ తర్వాతే ఊరు విడిచాడు. నన్ను చిక్కులో పెట్టి పోకూడదని ఇచ్చి పోయాడు."

"పత్రం ఏది?" అన్నాడు విదాల్.

"వరదలో నా ఇంటి కింది గది కూలిందిగా, దాంతో పోయింది."

"సాక్షులు?"

"మాంసం కొట్టు అమ్రామ్, జరీ దారం తీసే షమాయా."

ఇద్దరినీ పిలిపించారు. అమ్రామ్ చేతులు తుడుచుకుంటూ వచ్చాడు.

"ఫ్రేహమ్మా, నీ మీద నాకేం కోపం లేదు. కానీ నేనలాంటిది చూడలేదు."

"చూశావు. ఆ రోజు నీ దగ్గర ఒక ఎముక ఉంది. దాన్ని చొక్కాలో దాచుకుని సంతకం పెట్టావు. ఎవరైనా లాక్కుంటారని ఎడమ చెయ్యి దాని మీదే ఉంచావు."

జనం నవ్వారు. అమ్రామ్ కూడా నవ్వాడు. "మాంసం కొట్టువాణ్ణి, నేను ఎముక దాచుకోవడమేంటమ్మా!"

షమాయా నవ్వలేదు. జాగ్రత్త గల మనిషి. "నేను సాక్షిగా ఉన్న విడాకులు మూడు. మూడూ పేర్లతో చెప్పగలను. నీది అందులో లేదు."

"రాయించేసుకున్నారు కదా!" అని ఫ్రేహా గొంతు పెంచింది. "బారులు తీరి మరీ రాయించుకున్నారు కదా!"

అప్పుడు యెదిద్యాకు తోచింది. ఇంటికి మనిషిని పంపి పుస్తకం తెప్పించారు. పదమూడేళ్లలో మొదటిసారి వెనక్కి తిప్పారు. తన చేతిరాతే, తనకు తెలియని సంగతులు. చాలాసేపు వేలు పెట్టి వెతికి, ఒకచోట ఆగి, పైకి చదివారు:

"తెవేత్ నెలలో మిమూన్ తన భార్య ఫ్రేహాకు విడాకులిచ్చాడు. పత్రం ఆమె చేతిలో పడటం అమ్రామ్, షమాయా చూశారు. ఇద్దరూ విడివిడిగా నాకు చెప్పారు. అమ్రామ్ చొక్కాలో ఎముక ఉంది."

ఈసారి ఎవరూ నవ్వలేదు. అమ్రామ్ తన చొక్కా వైపు చూసుకున్నాడు.

"చాలు కదా?" అంది ఫ్రేహా.

"చాలదు" అన్నాడు విదాల్. "సాక్ష్యం సాక్షి నోటి నుంచి రావాలి, రాత నుంచి కాదు. ఈ మాట ఈ పీట మీద అందరికంటే ఎక్కువసార్లు అన్నది యెదిద్యాగారే."

"అయితే ఆయన విన్నారు కదా. ఆయన్నే చెప్పమనండి!"

యెదిద్యా తల అడ్డంగా ఊపారు. "వాళ్లు చూశారు, నేను చూడలేదు. విన్నానంటావా, విన్నట్టు కూడా గుర్తు లేదు తల్లీ."

ఆయనను తొలిచేసిన సంగతి ఇంకొకటి ఉంది. పాతకాలపు చరిత్రకారుల్లా విన్నదల్లా రాసే మనిషే అయి ఉంటే, ఏ పక్కింటావిడో చెప్పగా రాసేసి ఉండేవారు. ఈ ఇద్దరి జోలికీ పోయేవారు కాదు. వీళ్లకు గుర్తుండేది. అలా కాకుండా, న్యాయస్థానానికి ఏ ఇద్దరు కావాలో సరిగ్గా ఆ ఇద్దరినే వెతికి పట్టుకుని, కూర్చోబెట్టి, మరిచిపోయేలా చేశారు. ఇది తప్పా? తప్పయితే ఎవరి తప్పు, న్యాయమూర్తిదా, చరిత్రకారుడిదా? ఇద్దరూ ఒకే పీట మీద కూర్చుని ఉన్నారు.

ఆ మాటల కింద ఇంకో రెండు వరసలున్నాయి. అవి ఆయన పైకి చదవలేదు. గురువారానికి వాయిదా వేసి, పుస్తకం చంకలో పెట్టుకుని ఇంటికి బయల్దేరారు. దారిలో సొంత ఇల్లు దాటి రెండు గుమ్మాలు ముందుకు పోతే ఎవరో చెయ్యి పట్టుకుని వెనక్కి తీసుకొచ్చారు.

సిమ్హా ముంగిట్లో కూర్చుని నానబెట్టిన శనగల తొక్క తీస్తోంది.

"మనకెంతమంది పిల్లలు?" అన్నారాయన.

"మతి పోయిందా రబ్బీ? ముగ్గురు. ఇద్దరు మెక్నెస్‌లో, ఒకడు గోడ అవతల అత్తారింట్లో."

"ఆడపిల్ల?"

"పైవాడు ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఈ శనగలు నేనెందుకు ఒలుస్తాను?"

ఆయన పుస్తకం తెరిచి చదివారు. "షెవాత్ నెల పదకొండున నా కూతురు జమీలా పోయింది. ఆరేళ్లది. చెప్పింది నేను, నా భార్య. విడివిడిగా చెప్పాం."

సిమ్హా చేతులు గిన్నెలో ఆగిపోయాయి.

"ఎవరి రాత అది?"

"నాదే."

ఆమె చేతులు కడుక్కుని, కొంగుకు తుడుచుకుని, చదువు రాకపోయినా ఆ వరసల వైపు చాలాసేపు చూసింది. "నాకేం రావడం లేదు" అంది. "ఏడుపు కూడా రావడం లేదు. పేరు బాగుంది."

కాసేపటికి ఆమె మళ్లీ అంది. "ఆ టోలెదానో అన్నదమ్ములు గుర్తున్నారా? అత్తి చెట్టు గొడవ."

గుర్తుంది, అది పుస్తకంలో లేదు కాబట్టి. లేకపోవడానికి కారణం ఎలుక. ఆ అన్నదమ్ములు అత్తి చెట్టు ఎవరిదని కొట్టుకుని, విసిగిపోయి రబ్బీ చేత రాయించేసుకుని, ఏడేళ్లు ఒకే కంచంలో తిన్నారు. ఎనిమిదో ఏడు ఒక ఎలుక ఆ పుట మూల కొరికేసింది. ఆ పొద్దున్నే అన్నదమ్ములు వీధిలో ఒకరి గడ్డం ఒకరు పట్టుకున్నారు. ఆ చెట్టు ఎప్పుడో కొట్టేశారు కూడా.

"పుట పోతే గుర్తొస్తుంది" అంది సిమ్హా. "కడిగేయండి."

"అది ఒక్క ఫ్రేహాదా? రెండు వైపులా కలిపి ఆ పుటలో పదకొండు ఇళ్లవాళ్ల సంగతులున్నాయి. వాళ్లు నా దగ్గర దాచమని ఇచ్చారా, పారెయ్యమని ఇచ్చారా? దాచమని ఇచ్చి ఉంటే తిరిగి ఇవ్వాల్సిందే. పారెయ్యమని ఇచ్చి ఉంటే తీసుకెళ్లి వాళ్ల గుమ్మంలో పొయ్యకూడదు."

"ఫ్రేహా వరసలు మాత్రమే కడగండి."

"దీపపు మసితో చేసిన సిరా ఇది. తడి ఎక్కడ ఆగుతుందో నేను చెప్పలేను."

"మరి గురువారం ఏం చెబుతారు?"

ఆయన చెప్పులు వెతుక్కున్నారు. కాళ్లకే ఉన్నాయి.

మంగళవారం ఆయన ఆ పదకొండు ఇళ్లకూ వెళ్లారు. ఏమని అడగాలో దారిలో అనుకుంటూ పోయి, గుమ్మంలో మరిచిపోయేవారు. నువ్వు ఎరగని సంగతి ఒకటి నీకు గుర్తు చేయనా అని ఎవరినైనా ఎలా అడుగుతారు? షమాయా భార్య తలుపు సగమే తీసింది.

"మంచిదా చెడ్డదా రబ్బీ?"

"చెడ్డదే."

"ఎంత చెడ్డది?"

"అది చెబితే అడగడం ఎందుకమ్మా?"

"చెప్పకపోతే నేను ఒప్పుకోవడం ఎలా?"

చివరికి ఆమె, "ఇంత బతుకూ బతికాను, ఇంకో గిన్నెడు కష్టం ఎక్కువైతే ఏం" అని తలుపు వేసేసుకుంది. అది ఒప్పుకోవడమో కాదో ఆయనకు అర్థం కాలేదు. సాయంత్రానికి నాలుగు ఇళ్లు సరే అన్నాయి, మూడు వద్దన్నాయి, మిగిలినవి షమాయా భార్య చెప్పినట్టే చెప్పాయి. తీర్పులో ముగ్గురిలో ఇద్దరి మాట నెగ్గుతుంది. ఇక్కడ ఎవరి మాట నెగ్గాలి?

మక్లూఫ్ మాత్రం పలక మీద ముళ్లు దిగ్గొడుతూనే మాట్లాడాడు. "ఫ్రేహాకు విడుదల వస్తుందంటే కడిగేయండి రబ్బీ. నాకు గుర్తు రావడానికి ఏముంది? నేను పుట్టు బ్రహ్మచారిని."

రబ్బీ బయటికొచ్చి నేరుగా ఫ్రేహా ఇంటికి వెళ్లారు. ఆమె గుమ్మంలో కూర్చుని గుండీ కుడుతోంది.

"మక్లూఫ్ సంగతి ఆ పుట వెనక వైపున ఉంది" అన్నారు.

"తెలుసు."

"ఏం తెలుసు?"

"నెజ్మా." ఆమె దారం కొరికింది. "అతని భార్య. ఆ ఏడు పోయింది. మల్లాలో ఎవరెవరు ఎవరిని పోగొట్టుకున్నారో నాకు వరసగా తెలుసు రబ్బీ. మీ ఇంట్లో సంగతి కూడా."

ఆయన గడప పట్టుకుని కూర్చున్నారు. "నేను కడిగితే నీకు విడుదల వస్తుంది. అతను రాకపోవచ్చు. నీకు తెలిసీ చెప్పలేదని కోపం కూడా రావచ్చు."

"కడక్కపోతే?"

"అతను ఉంటాడు. విడుదల ఉండదు."

ఫ్రేహా నవ్వింది. "మీ దగ్గర ఏదో ఒకటి నేరుగా ఇచ్చే తీర్పు ఎప్పుడూ ఉండదా?"

"నాకే దారి తెలియడం లేదు తల్లీ. న్యాయమూర్తిగా చూస్తే నిన్ను విడిపించాలి. చరిత్ర రాసేవాడిగా చూస్తే పుట కాపాడాలి. తండ్రిగా చూస్తే ఏం చెయ్యాలో, నాకో కూతురు ఉండేదని నాకు నిన్ననే తెలిసింది."

ఆమె గుండీని తాడుకి గుచ్చింది. "పదమూడేళ్లుగా ఈ పేటలో నాతో మాట్లాడేవాళ్లు లేరు. పలకరించేవాళ్లు ఉన్నారు. ఆ ఏడు నాతో కలిసి గడ్డి ఉడకబెట్టుకు తిన్న ఆడవాళ్లు, ఇప్పుడు ఉప్పు తక్కువైందని గిన్నె నేలకేసి కొడుతున్నారు. ఊరుకుంటున్నాను. అతను వస్తే వస్తాడు, లేకపోతే లేదు. కడగండి."

బుధవారం పొద్దున్న విదాల్ వచ్చాడు. పైవాడి నామం ఉన్న పుట చెరపడానికి మా ధర్మంలో వీల్లేదు. ఆ పుటలో నామం ఉందేమో చూడాలన్నాడు. యెదిద్యా రాతలో ప్రతి మూడో వరసలో నామం వస్తుంది. వాన పడితే ఆయన దయ, గోడ కూలితే ఆయన ఇష్టం. విదాల్ గోరు పెట్టి రెండు వైపులా వెతికాడు. మళ్లీ వెతికాడు. ముందు పుటలు, వెనక పుటలు తిప్పి చూశాడు. కరువు మూడో ఏటి పుటల్లో నామం ఒక్కచోట కూడా లేదు. ఆ ఏటి పన్నెండు నెలల సంగతుల్లో యెదిద్యా ఆ పేరు ఎత్తలేదు.

విదాల్ పుస్తకం మూసి ఆయన చేతిలో పెట్టాడు. "కడగవచ్చు" అన్నాడు. చాలా మెల్లగా అన్నాడు. గీత దాటని ఆ మనిషి ఇంటికి వెళ్తూ పొద్దుటి ప్రార్థన రెండోసారి చదువుకున్నాడని అంటారు.

ముంగిట్లో రాగి పళ్లెం పెట్టారు. ఫ్రేహా వరసలు మాత్రమే కడగాలని ఆయన గుడ్డ కొస తడిపి, చూపుడు వేలికి చుట్టి, ఒక్కొక్క అక్షరం మీద అద్దారు. మిమూన్ పోయాడు. అమ్రామ్ పోయాడు. ఎముక దగ్గర తడి కిందికి జారింది. ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. జమీలా మొదటి అక్షరం నల్లటి చుక్కై నిలబడింది.

సిమ్హా చెంబు ఎత్తింది.

"ఆగు" అన్నారాయన. "మూడు ఇళ్లవాళ్లు వద్దన్నారు."

"వాళ్లు నన్ను తిట్టనీ. మీ పేరు చెప్పను లెండి." నీళ్లు పోసింది. పుట రెండు వైపులా బూడిద రంగు తిరిగి, తర్వాత తెల్లబడింది. మసి నీళ్లు పళ్లెంలో నిలిచాయి.

మొదట వీధిలో ఏమీ వినపడలేదు. తర్వాత మాంసం కొట్టు దగ్గర కత్తి కింద పడిన చప్పుడు. అవతల సందులో ఎవరో ఒక పేరు పెట్టి పిలిచారు, మేడ మీద ఉన్నవాళ్లను పిలిచినట్టు. ఇంకో ఇంట్లో, ఇంకో పేరు. షమాయా భార్య తలుపు పూర్తిగా తీసి వీధిలోకి వచ్చి నిలబడింది.

సిమ్హా చెంబు కింద పెట్టలేదు. "దాని జుట్టు ఎర్రగా ఉండేది" అంది. "మా అమ్మ జుట్టులా. దువ్వనిచ్చేది కాదు."

"అవును" అన్నారు యెదిద్యా. "దువ్వనిచ్చేది కాదు."

ఆ పూట వాళ్లింట్లో పొయ్యి వెలగలేదు. సాయంత్రం అలవాటు కొద్దీ ఆయన చెయ్యి కలం వైపు పోయింది. "రాస్తే ఆ చెయ్యి విరగ్గొడతాను" అంది సిమ్హా, ఎర్రబడిన కళ్లతోనే.

గురువారం న్యాయస్థానం నిండిపోయింది. అమ్రామ్‌ను ఒక గదిలో, షమాయాను ఇంకో గదిలో కూర్చోబెట్టారు. యెదిద్యా ఎప్పటిలాగే అడిగారు. ఏ నెల, ఏ వారం, ముంగిట్లో ఏ మూల, పత్రం పడింది కుడి చేతిలోనా ఎడమ చేతిలోనా.

"రెండు చేతుల్లో" అన్నాడు అమ్రామ్. "దోసిలి పట్టింది. తిండి పెడుతున్నారేమో అనుకుని పట్టినట్టు పట్టింది." అని ఆగాడు. "ఎముక ఇంటికి తీసుకెళ్లాను రబ్బీ. మా అమ్మ కోసం. వెళ్లేసరికే పోయింది. అప్పుడు నేనే తినేశాను. అది కూడా చెప్పాలా?"

"అక్కర్లేదు" అన్నారు యెదిద్యా.

షమాయా కూడా దోసిలి అనే చెప్పాడు. "నాలుగు విడాకులు చూశాను, మూడు కాదు. మొన్న తప్పు చెప్పాను, క్షమించాలి" అని మూడుసార్లు అన్నాడు. విదాల్ తల ఊపాడు. అది చూసి చెవిటి పెద్దాయన కూడా ఊపాడు. ఫ్రేహా మిమూన్ భార్య కాదని, ఎవరినైనా చేసుకోవచ్చని తీర్పు చెప్పారు. ఆమె ముంగిలంతా చూసింది. మక్లూఫ్ రాలేదు.

ఆ వారం మల్లా సర్దుకోలేదు. వద్దన్న మూడు ఇళ్లవాళ్లు రబ్బీ ఎదురైతే మొహం తిప్పుకున్నారు. వాళ్లలో ఒకాయన మాత్రం వచ్చి చెయ్యి ముద్దు పెట్టుకుని, వెంటనే తిట్టి వెళ్లాడు. రెండూ మనసారా చేశాడు. శ్మశానానికి కొందరు పొద్దున్నే వెళ్లి, ఏ సమాధి తమదో వెతుక్కున్నారు. మిగతా పుటలవాళ్లకు ఏం జరిగిందో అంతుపట్టలేదు. ఎందుకు ఏడుస్తున్నారని అడిగి, చెబితే విని, మాకేం లేదు కదా అని వెళ్లిపోతూ గుమ్మంలో ఆగేవారు. ఆదివారం యెదిద్యా పుస్తకం ముందు కూర్చున్నారు. తాను చేసింది న్యాయమో కాదో ఆ రోజూ తేల్చుకోలేదు, తర్వాత కూడా తేల్చుకున్నట్టు ఎవరూ చెప్పరు.

మక్లూఫ్ ఏడు రోజులు తలుపు తీయలేదు. ఎనిమిదో రోజు మధ్యాహ్నం ఫ్రేహా గుమ్మానికి వచ్చాడు. గడ్డం మాసింది. చెప్పులు లేవు. గడప ఇవతలే నిలబడ్డాడు.

"నెజ్మా పోయినప్పుడు పక్కన ఎవరున్నారు?"

"నేనున్నాను."

"పుస్తకంలో అది రాయలేదట. రబ్బీని అడిగాను. కాటికాపరీ నేనూ చెప్పిన చావే రాశారట, ఎలా పోయిందో రాయలేదట."

"ఎలా రాస్తారు? చూసింది నేనొక్కదాన్నే. ఆయనకు ఇద్దరు కావాలి."

అతను గోడకు చెయ్యి ఆనించాడు. "నీకు తెలుసు. ఇన్నేళ్లూ తెలుసు. ఒక్కసారైనా ఎందుకు చెప్పలేదు?"

"చెప్పాను" అంది ఫ్రేహా. "నువ్వు సెఫ్రూ ఊరి నుంచి బార్లీ మూట మోసుకొచ్చిన వారం నీ దగ్గరికే వచ్చాను. అప్పటికే నువ్వు రబ్బీ ఇంటికి వెళ్లొచ్చావు. నెజ్మా నీకు ఒక మాట చెప్పమంది అన్నాను. ఏ నెజ్మా అన్నావు. చాలా మర్యాదగా అడిగావు. కూర్చోమని పీట కూడా వేశావు."

మక్లూఫ్ అక్కడే, గడప మీద కూర్చుండిపోయాడు. వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారు. ఫ్రేహా లేచి, అందరికీ కనపడేలా రెండో తలుపు రెక్క కూడా తీసి, లోపలి వైపు కూర్చుంది.

"ఏం చెప్పమంది?"

"బార్లీ దొరక్కపోతే ఉత్త చేతులతోనే రమ్మంది."

అతను తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు. తల ఎత్తకుండానే అడిగాడు. "ఇంకా?"

"ఇంకా చాలా ఉంది."

ఆ చలికాలమంతా ఎండ ఉన్న మధ్యాహ్నాల్లో అతను ఆ గడప మీదే కనిపించేవాడు. ఆమె గుండీలు కుడుతూ చెప్పేది. అతను ఒక్కోసారి అడ్డు తగిలేవాడు, ఒక్కోసారి లేచి వెళ్లిపోయి మర్నాడు వచ్చేవాడు. పెళ్లెప్పుడని అమ్రామ్ అడిగితే, షమాయా భార్య అడిగితే, చివరికి రబ్బీ యెదిద్యాయే వచ్చి అడిగితే, ఫ్రేహా అందరికీ ఒకటే చెప్పేది.

"ఇంకా చెప్పడం అవ్వలేదు."